కోటు తొడిగిన తాత, కత్తి పట్టిన మలిక్ అంబర్

మా ఇంట్లో ముందు గదిలో, దేవుని అలమార పక్కన మా తాత బొమ్మ ఉంటుంది. పెద్ద ఫ్రేము, దానికి గంధపు చెక్కల దండ, కింద చిన్న ఎర్ర బల్బు. అది ఫొటో కాదు, ఆర్టిస్టు రంగులతో వేసింది. నేను పుట్టకముందే తాత పోయారు. కాబట్టి నాకు తాత అంటే ఆ బొమ్మే. నల్ల కోటు, ఎర్ర టై, తెల్లటి బుగ్గలు, నున్నగా దువ్విన జుట్టు. చిన్నప్పుడు మా తాత ఏదో బ్యాంకులో పెద్ద ఆఫీసరు అనుకునేదాన్ని.

నిజానికి మా తాత సాంచెల మీద చద్దర్లు నేశారు. షోలాపూర్ పూర్వ భాగ్‌లో చాలా ఇండ్ల కథ ఇదే. తాత సాంచెల కార్ఖానాలో, నాయనమ్మ ఇంట్లో బీడీలు చుడుతూ. తాతకు ఒంటరిగా దిగిన ఫొటో ఒక్కటి కూడా లేదట. పెద్దత్త పెళ్లిలో తీసిన గ్రూపు ఫొటోలో వెనక వరుసలో నిలబడి ఉన్నారు, ముఖం కందిగింజంత. తాత పోయాక బాపు ఆ ఫొటోను స్టూడియోకు తీసుకుపోతే వాళ్లు ముఖం ఒక్కటీ పెద్దది చేసి ఒక ఆర్టిస్టుకు ఇచ్చారు. ఆయన తాతను ఎప్పుడూ చూడలేదు. ముఖం కింద ఏముండాలో తెలియక కోటు, టై తొడిగించి, రంగు కూడా రెండు మూడు పాళ్లు తెల్లగా చేసి ఇచ్చాడు. అప్పట్లో అందరికీ అట్లనే వేసేవారట. పక్కింటి తాతకు కూడా అదే కోటు ఉంది!

పోయిన సంవత్సరం దసరాకు ఇల్లు సున్నం వేస్తున్నప్పుడు ఆ ఫ్రేము దించి తుడుస్తుంటే నాయనమ్మ అన్నది:

"గా కోటేసుకున్నాయన ఎవరో నాకు తెల్వదు బిడ్డా. మీ తాతైతే కాదు."

ముక్కు, కండ్లు తాతవే కదా అన్నాను. "ముక్కు ఆయనదే. మనిషి ఆయన కాదు" అని బీడీల చాట ముందుకు లాక్కున్నది.

ఆ మాట నా మనసులో ఉండిపోయింది. ముక్కు ఆయనదే అయినప్పుడు మనిషి ఎట్లా ఆయన కాకుండా పోతాడు? ముక్కు, కండ్లు, నోరు కాకుండా ఒక మనిషి బొమ్మలో ఇంకా ఏముండాలి? ఈ వ్యాసం అక్కడ మొదలైంది. చరిత్ర వ్యాసం అని చెప్పి ఇంటి సంగతి రాస్తోందేమిటి అని అనుకోకండి, అక్కడికే వస్తున్నాను.

మా ఊరి భూయికోట్ కిల్లా అందరికీ తెలుసు. సిద్ధేశ్వర్ చెరువు పక్కనే. ఆదివారం పిల్లలంతా అక్కడి తోటలోనే ఉంటారు. ఈ కోట కోసం అహ్మద్‌నగర్ నిజాంషాహీలు, బీజాపూర్ ఆదిల్‌షాహీలు ఎన్నోసార్లు కొట్టుకున్నారు. 1624లో అహ్మద్‌నగర్ దగ్గర భాట్‌వాడిలో పెద్ద యుద్ధం జరిగింది. ఒకవైపు మొఘల్, బీజాపూర్ సేనలు కలిసి, ఇంకోవైపు నిజాంషాహీ సేన. నిజాంషాహీ సేనాపతి చెరువు నీళ్లు వదిలి శత్రువుల గుడారాలను బురద చేసి, వాళ్లకు తిండి అందకుండా చేసి ఓడించాడు. శివాజీ మహారాజ్ తండ్రి షహాజీ ఆ యుద్ధంలో ఆయన వైపే ఉన్నాడు. ఆ గెలుపు తర్వాత మన షోలాపూర్ కోట కూడా ఆయన చేతికి వచ్చింది. ఆయనే మలిక్ అంబర్.

పాఠ్యపుస్తకంలో గనిమీ కావా, అంటే పొంచి ఉండి దెబ్బతీసే యుద్ధం, అనే చోట ఈయన పేరు వస్తుంది. పరీక్షకు అంతవరకే చదువుతాం. కానీ ఆయన జీవితం చదివితే సినిమాలో కూడా అట్లా రాయరు అనిపిస్తుంది. సుమారు 1548లో ఇథియోపియాలో పుట్టాడు, చిన్నప్పటి పేరు చాపు. పిల్లవాడిగా ఉన్నప్పుడే బానిసగా అమ్మేశారు. అరబ్బు దేశాల్లో చేతులు మారి, బాగ్దాద్ వర్తకుడి దగ్గర చదువు నేర్చుకుని, అంబర్ అనే పేరు పొంది, చివరికి దక్కన్‌కు వచ్చాడు. ఇక్కడ ఆయనను కొన్నది అహ్మద్‌నగర్ పేష్వా చెంగిజ్ ఖాన్. ఆయన కూడా ఒకప్పుడు బానిసగా వచ్చిన హబ్షీయే. ఆ పేష్వా చనిపోయాక ఆయన భార్య అంబర్‌ను విడుదల చేసింది. 1600లో అహ్మద్‌నగర్ కోట మొఘలుల చేతికి పోయినప్పుడు రాజ్యం అయిపోయిందనే అందరూ అనుకున్నారు. మలిక్ అంబర్ మాత్రం నిజాంషాహీ వంశంలో ఒకరిని వెతికి సింహాసనం ఎక్కించి, తన కూతురిని ఇచ్చి పెళ్లి చేసి, తాను బతికినన్నాళ్లూ మొఘలులను నిలువరించాడు. 1610లో ఖడ్కీ అనే ఊరు కట్టించాడు. తర్వాత ఔరంగాబాద్ అయినది అదే. అక్కడ ఆయన వేయించిన నీటి కాలువల గురించి ఇంకో వ్యాసమే రాయవచ్చు.

మా చరిత్ర సారు ఈ పాఠం చెబుతూ కంప్యూటర్ గదిలో ఒక బొమ్మ చూపించారు. అసలు బొమ్మ ఐర్లండ్‌లో, డబ్లిన్ నగరంలోని చెస్టర్ బీటీ లైబ్రరీలో ఉంది. దాన్ని వేసింది అబుల్ హసన్, మొఘల్ చక్రవర్తి జహంగీర్‌కు చాలా ఇష్టమైన చిత్రకారుడు. అందులో జహంగీర్ భూగోళం మీద నిలబడి విల్లు ఎక్కుపెట్టాడు. భూగోళం ఎద్దు మీద, ఎద్దు చేప మీద ఉన్నాయి. ఎదురుగా బల్లెం మొనకు గుచ్చిన మలిక్ అంబర్ తల. దాని మీద గుడ్లగూబ. జహంగీర్ బాణం ఆ తలలోకి దూసుకుపోతోంది. పైనుంచి యూరపు బొమ్మల్లో ఉండే రెక్కల పిల్లలు ఆయనకు ఆయుధాలు అందిస్తున్నారు.

క్లాసులో అందరం "అయ్యో, తల నరికేశారా?" అన్నాం. సారు నవ్వారు. ఇట్లా ఎప్పుడూ జరగలేదు. జహంగీర్ మలిక్ అంబర్‌ను చంపలేదు, పట్టుకోలేదు, ఎదురుగా చూడనే లేదు. మలిక్ అంబర్ 1626లో సుమారు ఎనభై ఏండ్ల వయసులో మామూలుగానే చనిపోయాడు. సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. జహంగీర్ ఆ మరుసటి ఏడాదే పోయాడు.

అప్పుడు సారు అడిగారు: "మరి ఇది ఎవరి బొమ్మ?"

సగం మంది మలిక్ అంబర్‌ది అన్నారు, సగం మంది జహంగీర్‌ది అన్నారు. నేను ముందు మలిక్ అంబర్‌ది అన్నాను. ఇంటికి పోయి ఆలోచిస్తే తప్పు చెప్పాననిపించింది. ఆ నల్లటి తలలో మలిక్ అంబర్ ఎక్కడా లేడు. బానిస బజారు లేదు, ఖడ్కీ కాలువలు లేవు, తెలివి లేదు, కోపం కూడా లేదు. అది కొట్టడానికి పెట్టుకున్న గురి మాత్రమే. మనిషి లోపలి సంగతి ఈ బొమ్మలో ఉంటే అది జహంగీర్‌దే. ఎన్నేండ్లు సైన్యాలు పంపినా లొంగని ఒక ముసలి సేనాపతి మీద ఆయనకున్న కసి. ఇరవై రెండేండ్లు ఏలిన చక్రవర్తి, నిజంగా చేయలేని పనిని కాగితం మీద చేయించుకున్నాడు. తన జ్ఞాపకాల పుస్తకంలో కూడా మలిక్ అంబర్ పేరు వచ్చిన చాలా చోట్ల జహంగీర్ ఆయన ఒంటి రంగును పట్టుకుని తిట్టాడు. ఓడించలేనప్పుడు రంగును తిట్టడం మా బడి గ్రౌండులో కూడా చూస్తుంటాం.

మొఘల్ చిత్రకారులకు పోలిక తేవడం చేతకాక ఇట్లా వేశారా అంటే అదేమీ కాదు. పోలికలో వాళ్లను మించినవాళ్లు తక్కువ. అక్బర్ తన ముఖాన్ని వేయించుకోవడమే కాక, కొలువులోని పెద్దలందరి ముఖాలు వేయించి పెద్ద ఆల్బం తయారు చేయించాడని అబుల్ ఫజల్ అయినీ అక్బరీలో రాశాడు. చనిపోయినవారు ఆ ఆల్బంలో మళ్లీ బతుకుతారని ఆయన ఉద్దేశం. అంటే మా బాపు స్టూడియోకు పోయిన ఉద్దేశమే. జహంగీర్ ఇంకా ముందుకు పోయాడు. ఒకే బొమ్మలో ఎన్నో ముఖాలుండి, ఒక్కో ముఖం ఒక్కో చిత్రకారుడు వేసినా సరే, ఏది ఎవరి చెయ్యో తాను చెప్పగలనని రాసుకున్నాడు. ఒకే ముఖంలో కన్ను ఒకరు, కనుబొమ ఒకరు వేసినా కనిపెడతాడట! కొంచెం గొప్పలు ఉండొచ్చు గానీ బొమ్మలను ఆయనంత శ్రద్ధగా చూసిన రాజు ఇంకొకరు లేరేమో.

ఇంగ్లండు రాయబారి థామస్ రోతో జరిగిన సంగతి ఇంకా తమాషాగా ఉంటుంది. 1616లో రో దగ్గర ఒక చిన్న ఇంగ్లీషు బొమ్మ ఉండేది, దాన్ని మీవాళ్లు వేయలేరని ఆయన ధీమా. జహంగీర్ తన చిత్రకారుడితో దానికి నకళ్లు వేయించి, రాత్రి కొవ్వొత్తి వెలుగులో అన్నీ కలిపి రో ముందు పెట్టి, నీది ఏదో చెప్పు అన్నాడు. రో చెప్పాడు గానీ తడబడ్డాడు. జహంగీర్ ఆనందం అంతా ఇంతా కాదు.

వాళ్లు పనిచేసే పద్ధతి కూడా చెప్పాలి. ముందు మనిషిని చూస్తూ సన్నని గీతలతో ముఖం గీసుకునేవారు. దాన్ని దాచుకుని, పల్చటి తోలు మీదికి ఎత్తుకుని, ఎప్పుడు అవసరమైతే అప్పుడు పెద్ద దర్బారు బొమ్మలో ఆ మనిషిని దింపేవారు. ఉడుత వెంట్రుకల కుంచె, రాయితో రుద్ది నునుపు చేసిన కాగితం, పొర మీద పొరగా రంగు. ముఖం దాదాపు ఎప్పుడూ పక్కనుంచే ఉంటుంది, ఒక కన్ను, ఒక చెవి. కనుక మనిషి మన వైపు చూడడు, నవ్వడు, పలకరించడు. గోడ మీద మా తాత ఎటు పోయినా నన్నే చూస్తున్నట్టు ఉంటారు, అయినా ఏమీ చెప్పరు. మొఘల్ బొమ్మలో మనిషి మనల్ని చూడనే చూడడు. అయినా చెబుతాడు. మెడ ఎట్లా నిలిపాడు, భుజం ఎంత వంగింది, చేతులు ఏం చేస్తున్నాయి, బరువు ఏ కాలి మీద ఉంది, వీటితో చెబుతాడు.

ఇది నాకు తెలిసింది మలిక్ అంబర్‌దే ఇంకో బొమ్మ చూశాక. సుమారు 1620 నాటిది, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. వేసింది హాషిం. ఆయన పని మొదట దక్కన్‌లో సాగి, తర్వాత మొఘల్ కొలువుకు చేరిందని పండితులు అంటారు. దక్కన్ రాజులను, సర్దార్లను చాలామందిని వేశాడు. ఈ బొమ్మలో మలిక్ అంబర్ ఒంటరిగా, పక్కకు తిరిగి నిలబడ్డాడు. వెనక ఏమీ లేదు. పెద్ద వయసు, బరువైన ఒళ్లు. తెల్లటి పల్చటి జామా. చేతిలో పొడవాటి కత్తి, ఒరలోనే ఉంది. చర్మం నల్లగానే ఉంది, దాన్ని ఎవరూ తెల్లగా చేయలేదు. నల్లగా చూపించి ఎగతాళి చేయనూ లేదు. ఆ తెల్ల బట్ట పక్కన ఆ నలుపు ఎంత నిండుగా ఉంటుందో చూస్తే గానీ తెలియదు.

నేను ఆ బొమ్మను సారు దగ్గర ప్రింటు తీసుకుని ఇంట్లో చాలాసేపు చూశాను. రెక్కల పిల్లలు లేరు, భూగోళం లేదు, ఎవరి తలా లేదు. ఒక ముసలాయన నిలబడ్డాడు, అంతే. కానీ ఈయన ఎవరి మాటా తొందరగా నమ్మడు అనిపించింది. ఎవరి ముందైనా తొందరపడి వంగడు అని కూడా. చిన్నప్పుడు అమ్ముడుపోయిన మనిషి ఎనభైకి దగ్గరపడి ఇట్లా నిలబడ్డాడంటే ఆ నిలబడటంలోనే సగం కథ ఉంది. విచిత్రం ఏమిటంటే ఈ బొమ్మ కూడా మొఘల్ కొలువు ఆల్బంలోదే. ఒకే కొలువు, ఒకే శత్రువు, రెండు బొమ్మలు. ఒకటి రాజు మనసులోంచి వచ్చింది. ఇంకొకటి మనిషిని చూసిన కంటిలోంచి వచ్చిందని నాకనిపిస్తుంది. మలిక్ అంబర్ చనిపోయాక మొఘల్ చరిత్రకారుడు మొతమిద్ ఖాన్ కూడా తిట్టడం పక్కనపెట్టి, యుద్ధంలో, నాయకత్వంలో, తెలివిలో ఆయనకు సాటి లేరని రాశాడు. హాషిం ఆ మాటే కుంచెతో ముందుగా చెప్పేశాడు.

ఇక్కడ మా స్నేహితురాలు ఒకటి అడిగింది. "హాషిం వేసింది నిజంగా మలిక్ అంబర్‌లాగే ఉందని మనకెట్లా తెలుసు? మనం ఎవరం చూడలేదు కదా." మంచి ప్రశ్నే. దీనికి జవాబు జహంగీర్ దగ్గరే దొరికింది. 1613లో ఆయన ఇరాన్‌కు ఖాన్ ఆలం అనే రాయబారిని పంపుతూ వెంట బిషన్‌దాస్ అనే చిత్రకారుడిని పంపాడు. పోలిక తేవడంలో బిషన్‌దాస్‌కు సాటి లేరని జహంగీరే రాశాడు. పని ఒక్కటే: ఇరాన్ రాజు షా అబ్బాస్ ముఖం వేసుకుని రావాలి. జహంగీర్ ఆయనను తమ్ముడు అనేవాడు, కానీ ఎప్పుడూ చూడలేదు. 1620లో వాళ్లు తిరిగొచ్చినప్పుడు జహంగీర్ ఒక పని చేశాడు. షా దగ్గర పనిచేసిన మనుషులకు ఆ బొమ్మ చూపించి ఎట్లా ఉందని అడిగాడు. చాలా బాగా కుదిరింది అన్నారు వాళ్లు. బిషన్‌దాస్‌కు ఏనుగు బహుమానం దొరికింది.

అంటే మనిషి తెలిసినవాళ్లను అడగాలి. ఇది చదివినప్పుడు నాకు ఒక్కసారి మా నాయనమ్మ గుర్తొచ్చింది. మా ఇంటి బొమ్మకు ఆ పరీక్ష అయిపోయింది, ఫెయిల్ అయింది కూడా. ఎవరికీ ఏనుగు రాలేదు.

అయితే బిషన్‌దాస్ తిరిగి రాకముందే, సుమారు 1618లో, అబుల్ హసన్ ఇంకో బొమ్మ వేశాడు. జహంగీర్‌కు కలలో షా అబ్బాస్ కనిపించాడట, ఆ కల బొమ్మ అది. ఇప్పుడు అమెరికాలో వాషింగ్టన్‌లోని ఫ్రీర్ గ్యాలరీలో ఉంది. ఇద్దరు రాజులు కౌగిలించుకున్నారు. జహంగీర్ నిండుగా, నగలతో, సింహం మీద నిలబడ్డాడు. షా అబ్బాస్ సన్నగా, భుజాలు ముడుచుకుని, గొర్రెపిల్ల మీద ఉన్నాడు. సింహం గొర్రెను మెల్లగా అవతలికి నెడుతున్నట్టు కూడా ఉంటుంది. కౌగిలి చూస్తే ప్రేమ, కాళ్ల కింద చూస్తే వేరే సంగతి. 1622లో ఆ గొర్రెపిల్ల రాజే కాందహార్ కోటను మొఘలుల నుంచి లాగేసుకున్నాడు! బొమ్మలో ఎంత చిన్నగా వేయించినా మనిషి చిన్నగా అవ్వడు కదా.

ఇంతవరకు రాజులు, సేనాపతులు. ఇక నన్ను రెండు రోజులు సరిగా అన్నం తిననివ్వని బొమ్మ ఒకటి ఉంది. దాని గురించి రాయాలా వద్దా అని ఆలోచించాను.

జహంగీర్ కొలువులో ఆయనకు దగ్గరగా ఉండే ఇనాయత్ ఖాన్ అనే ఉద్యోగి నల్లమందుకు, సారాకు అలవాటుపడి జబ్బుపడ్డాడు. 1618లో తనను ఆగ్రా పోనివ్వమని వేడుకున్నాడు. చక్రవర్తి ముందుకు పల్లకీలో తెచ్చారు. ఎముకల మీద చర్మం కప్పినట్టున్న ఆ ఒంటిని చూసి జహంగీర్ ఆశ్చర్యపోయి, ఇట్లాంటిది ఎప్పుడూ చూడలేదని, వెంటనే చిత్రకారులను పిలిచి బొమ్మ వేయమన్నాడు. దారి ఖర్చుకు డబ్బిచ్చి పంపాడు. ఇనాయత్ ఖాన్ ఆగ్రా చేరకుండానే చనిపోయాడు. ఆ రోజు వేసిన బొమ్మలు రెండు మిగిలాయి. గీతలతో వేసింది అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో, రంగులు వేసింది ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ లైబ్రరీలో ఉన్నాయి.

పెద్ద పెద్ద బాలీసులకు ఆనుకుని కూర్చున్నాడు. రొమ్ము మీద బట్ట లేదు, పక్కటెముకలు లెక్కపెట్టవచ్చు. చేతులు పుల్లల్లా ఉన్నాయి. చుట్టూ బాలీసులు ఎంత లావుగా ఉన్నాయో ఆయన అంత సన్నగా ఉన్నాడు. కన్ను ముందుకు చూస్తోంది, మన వైపు కాదు, ఎదురుగా ఉన్న దేని వైపూ కాదు. కొలువులో నిలబడ్డప్పుడు తలపాగా, నడుముకు కట్టిన పట్కా, ముడుచుకున్న చేతులు, ఇవన్నీ మనిషిని నిలబెడతాయి. ఇక్కడ అవన్నీ రాలిపోయాయి. నటించడానికి కూడా ఓపిక లేదు. దాచుకోవడానికి ఏమీ మిగలని మనిషిని వేశారు.

క్లాసులో దీని మీద గొడవే అయింది. చచ్చిపోతున్న మనిషిని మందు ఇచ్చి పంపాలి గానీ బొమ్మ వేయిస్తారా, ఇది క్రూరత్వం అని చాలామంది అన్నారు. నాకూ మొదట అదే అనిపించింది. కానీ జహంగీర్ కూడా తాగుడు మనిషే. ఒకప్పుడు రోజుకు ఇరవై గిన్నెల సారా తాగేవాడినని, తర్వాత నల్లమందు కూడా అలవాటైందని తనే దాచకుండా రాసుకున్నాడు. ఆయన ఇద్దరు తమ్ముళ్లు మురాద్, దానియాల్ తాగుడుతోనే పోయారు. అందుకే ఆ రోజు ఆయన చూసింది ఇనాయత్ ఖాన్‌ను ఒక్కడినే కాదేమో అని నాకు అనుమానం. ఇది నా ఊహ, పుస్తకంలో ఉన్నది కాదు. చిత్రకారుడు మాత్రం ఎగతాళి చేయలేదు, జాలి కోసం ఏమీ కలపలేదు. ఆ పక్కటెముకల మీద గీసిన ప్రతి గీతా ఎంతో నెమ్మదిగా గీసినట్టు ఉంటుంది.

ఈ ప్రింటు కూడా ఇంటికి తెచ్చాను. నాయనమ్మ చదువుకోలేదు. ఆ మనిషి ఎవరో నేను చెప్పలేదు. కండ్లద్దాలు పెట్టుకుని, కాగితం దగ్గరికి తీసుకుని చాలాసేపు చూసి అన్నది:

"పాపం. ఈయన పక్కన ఎవ్వరు కూసోలేదా?"

నిజమే. బొమ్మలో ఇంకెవరూ లేరు. నేను అన్నిసార్లు చూసి ఎముకలనే లెక్కపెట్టాను గానీ ఆ సంగతి గమనించలేదు. నాలుగు వందల ఏండ్ల కింద ఎవరో కొలువు మనిషి. ఆయన భాష మాకు రాదు, ఆయన ఊరు మేం చూడలేదు. ఆయన ఒంటరితనం షోలాపూర్‌లో బీడీలు చుట్టే ముసలామెకు నేరుగా అందింది. తాత చివరి నెలల్లో నాయనమ్మ పక్క వదలలేదట, కాబట్టే ముందు అదే కనిపించిందేమో.

ఆ రాత్రి నాయనమ్మను తాత గురించి అడిగాను. ముక్కు ఎట్లుండె, కండ్లు ఎట్లుండె అని కాదు, ఎట్లా కూర్చునేవారు, ఎట్లా వినేవారు అని. నాయనమ్మ చెప్పుకుంటూ పోయింది. ముప్పై ఏండ్లు సాంచెల చప్పుడులో ఉండి తాతకు ఎడమ చెవి పూర్తిగా పోయిందట. ఎవరు మాట్లాడినా కుడి చెవి వాళ్ల వైపు తిప్పి, తల కొంచెం వంచి, నేల వైపు చూస్తూ వినేవారట. కొత్తవాళ్లు ఈయనకు పొగరు, ముఖం చూడడు అనుకునేవారు. తెలిసినవాళ్లకు మాత్రం ఈయన అంత శ్రద్ధగా ఇంకెవరూ వినరని తెలుసు. భుజం మీద ఎప్పుడూ చిన్న తువ్వాల, దానికి దూది పీచు అంటుకుని ఉండేదట. రంగు? "మన మట్టి కుండ రంగు" అన్నది.

నాకు డ్రాయింగు అంతంత మాత్రమే వస్తుంది. అయినా నోటుబుక్కులో పెన్సిలుతో గీశాను. మొఘల్ పద్ధతిలోనే, పక్కనుంచి, ఒక కన్ను, ఒక చెవి. ఆ చెవి కుడిది. తల కొంచెం వంచాను, చూపు కిందికి పెట్టాను. కోటు లేదు, భుజం మీద తువ్వాల ఉంది. పెన్సిలు అడ్డంగా పెట్టి ముఖమంతా నల్లగా రుద్దాను. మూడుసార్లు చెరిపాను. నాలుగోసారి గీసింది, జహంగీర్ షా మనుషులకు చూపించినట్టు, తీసుకుపోయి నాయనమ్మ ముందు పెట్టాను.

బీడీ ఆకు కత్తెర పక్కన పెట్టి చూసింది. వేలితో ముక్కు మీద గీత వెంట పోయింది.

"ముక్కు ఆయనది కాదు" అన్నది.

తర్వాత చెవి దగ్గర వేలు ఆపింది. కాసేపు ఏమీ అనలేదు.

"చెవి మాత్రం గట్లనే పెట్టేటోడు."

ఫ్రేములో కోటు తాత గోడ మీదే ఉన్నారు. బాపు తీయనివ్వలేదు, డబ్బు పెట్టి వేయించింది కదా అన్నారు. నోటుబుక్కు కాగితం నాయనమ్మ బీడీల డబ్బా మూతకు లోపలివైపు అంటించుకుంది. డబ్బా తెరిచినప్పుడల్లా కనిపిస్తుంది. ముక్కు బాగు చేసి ఇంకోటి గీసిస్తానని చెప్పాను. దానికి ముందు పెద్దత్తను కూడా ఒకసారి అడగాలి.